పెరటి హౌజులో చేపలు, పక్కన రెండు డ్రమ్ములు

తేటగా కనిపించే నీటిని నమ్మకూడదని నల్లగొండ జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు వేస్తే అద్దంలాంటి నీళ్లు పైకొచ్చేవి. రంగు లేదు, వాసన లేదు, నలక లేదు. ఆ నీళ్లే తరాల పాటు పళ్లను గార పట్టించాయి, మోకాళ్లను, వెన్నును వంచేశాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్‌ను కన్ను పసిగట్టలేదు, నాలుకా పసిగట్టలేదు.

అదే జిల్లాలో పెరట్లో చేపల హౌజు కట్టుకున్న ఇళ్లలో మాత్రం నీటిని ఇంకా కంటితోనే తూస్తున్నారు. పచ్చబడితే కంగారు, అడుగు కనిపిస్తే నిశ్చింత. ఫిల్టర్ పెట్టాలన్న ఆలోచన వచ్చేదే నీళ్లు పచ్చబడిన రోజున. దుకాణానికి వెళ్లి అడిగేది కూడా నీళ్లను తేట చేసే మిషన్ కావాలనే. అక్కడే లెక్క తప్పుతోంది. పచ్చటి నీళ్లలో చేప ఏళ్ల తరబడి బతుకుతుంది. మన చెరువుల్లో రవ్వ, బొచ్చె పెరిగేది ఆ పచ్చదనం నీడనే. కొత్తగా కట్టి, కొత్త నీళ్లు నింపి, గోల్డ్‌ఫిష్‌నో కోయి చేపలనో ఒకేసారి ఇరవై దాకా వదిలిన హౌజులో మాత్రం అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపిస్తూనే ఉంటుంది, చేపలు మాత్రం వెల్లకిలా తేలుతుంటాయి.

వాటిని చంపేది అమ్మోనియా. మేతలోని మాంసకృత్తులు చేప ఒంట్లో అరిగాక మిగిలే వ్యర్థం అది. చాలావరకు మొప్పల గుండానే నేరుగా నీళ్లలోకి వచ్చేస్తుంది. తినకుండా మిగిలిన మేత, చేప రెట్ట, రాలిన వేపాకు కుళ్లి దానికి మరికొంత కలుపుతాయి. చెరువులో నీళ్లు ఎకరాల కొద్దీ ఉంటాయి, అడుగున బురద ఉంటుంది, ఒడ్డున తుంగ ఉంటుంది. పుట్టిన అమ్మోనియాను అవన్నీ పంచుకుంటాయి. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున్న హౌజులో పట్టేది 72 ఘనపుటడుగుల నీళ్లు, అంటే రమారమి 2 వేల లీటర్లు. దాని గోడలు సిమెంటు, అడుగూ సిమెంటే. పంచుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

బోరు నీళ్ల గుణం

ఈ అమ్మోనియా అన్ని నీళ్లలోనూ ఒకేలా కాటు వేయదు. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, దానివల్ల చేపకు పెద్ద హాని లేదు. రెండోది అయాన్‌గా మారని అమ్మోనియా. మొప్పల పొరను దాటి రక్తంలోకి వెళ్లేది అది. ఏ రూపం ఎంత అన్నది నీటి పీహెచ్ (నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె), వేడిమి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడెనిమిది పాళ్లు. పీహెచ్ 9కి చేరితే నలభై దాటుతుంది. నీళ్లలో కలిసిన మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ రెండు అంకెలు పెరిగేసరికి విషం యాభై రెట్లకు పైగా పెరిగిందన్నమాట.

ఇప్పుడు నల్లగొండ, పాలమూరు బోర్ల సంగతి చూడాలి. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. దాని పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీటిలో బైకార్బొనేట్లు పెరిగి, కాల్షియం తగ్గిన చోట రాతిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. కాబట్టి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీరు సాధారణంగా క్షార గుణమున్న నీరే. మనుషుల ఎముకల మీదికి ఫ్లోరైడ్‌ను తెచ్చిన క్షార గుణమే హౌజులో అమ్మోనియాకు కోరలు తొడుగుతోంది. పైగా ఎండ పడే హౌజులో నాచు పగలంతా బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడంతో సాయంత్రం నాలుగింటికల్లా పీహెచ్ మరింత పైకి పోతుంది. అమ్మోనియా పరీక్ష పొద్దున్నే చేసి, బాగానే ఉందనుకునేవాళ్లు ఒకసారి సాయంత్రం కూడా పీహెచ్ చూడటం మంచిది.

ఈ క్షార గుణానికి మంచి ముఖం కూడా ఉంది. అమ్మోనియాను విరిచేసే సూక్ష్మజీవులకు ఆ క్షారతే కావాలి. ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చేపకు చాలావరకు నిరపాయకరం, మొక్కకు ఎరువు. ఈ పనిలో ఒక గ్రాము నైట్రోజన్‌కు 4.5 గ్రాములకు పైగా ఆక్సిజన్, దాదాపు 7 గ్రాముల క్షారత ఖర్చవుతాయి. ఆర్వో నీళ్లతోనో వాన నీళ్లతోనో నింపిన హౌజుల్లో కొన్ని నెలలకే క్షారత అయిపోయి బ్యాక్టీరియా పని ఆగిపోయే ప్రమాదముంది. బోరు నీళ్ల హౌజుకు ఆ బెంగ లేదు.

అందుకే పెరటి ఫిల్టర్‌ను జల్లెడగా ఊహించుకోవడం మానాలి. కంటికి కనిపించని పశువులకు కట్టిన కొట్టంగా దాన్ని చూస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో దానంతటదే తెలుస్తుంది. వాటికి నిలబడటానికి చోటు కావాలి, గాలి ఆడాలి, మేత రోజూ అందాలి. కొట్టాన్ని రోజూ ఊడవాలి కానీ పశువులను బయటికి తోలేయకూడదు.

ఎంత పెద్ద ఫిల్టర్?

హౌజు ఇన్ని లీటర్లు కాబట్టి ఫిల్టర్ ఇంత ఉండాలని చాలామంది లెక్క వేస్తారు. అసలు లెక్క మేత డబ్బా దగ్గర మొదలవుతుంది. మేత బరువును అందులోని మాంసకృత్తుల వాటాతో గుణించి, దాన్ని మళ్లీ 0.092తో గుణిస్తే పుట్టే అమ్మోనియా నైట్రోజన్ ఎంతో వస్తుంది. చేపల పెంపకంలో స్థిరపడ్డ లెక్క ఇది. నూటికి 30 పాళ్ల మాంసకృత్తులున్న మేత రోజుకు 20 గ్రాములు వేస్తే పుట్టేది అర గ్రాము పైచిలుకు. 2 వేల లీటర్ల హౌజులో అది లీటరుకు పావు మిల్లీగ్రాము. ఒక్క రోజుకు ఇది చిన్న మొత్తమే. ఫిల్టర్ లేకుండా పది రోజులు పేరుకుంటే రెండున్నర మిల్లీగ్రాములు దాటుతుంది, పీహెచ్ 8.5 ఉన్న నీటిలో ఆ చేపలను కాపాడటం కష్టం.

చదరపు మీటరు ఉపరితలం మీద స్థిరపడ్డ బ్యాక్టీరియా మన వేడికి రోజుకు 0.2 గ్రాముల అమ్మోనియా నైట్రోజన్‌ను మారుస్తుందనుకుందాం. ఇది ఆశపడి వేసిన అంకె కాదు, తక్కువగా వేసుకున్నదే. అప్పుడు పైన చెప్పిన అర గ్రాముకు మూడు చదరపు మీటర్లు చాలు. ముసురు పట్టిన రోజులకు, కరెంటు పోయిన రోజులకు, పండక్కి వచ్చిన పిల్లలు గుప్పెళ్లతో మేత చల్లిన రోజులకు కలిపి నాలుగైదు రెట్లు పెట్టుకున్నా పదిహేను చదరపు మీటర్లు. ఇంత ఉపరితలాన్ని ఒక డ్రమ్ములో ఎలా ఇమడ్చాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మన బత్తాయి తోటల్లో దొరుకుతుంది.

నల్లగొండ బత్తాయి తోటల గట్ల మీద పాడైన డ్రిప్ పైపులు చుట్టలు చుట్టలుగా పడి ఉంటాయి. 16 మిల్లీమీటర్ల నల్ల పైపును బొటనవేలి వెడల్పు ముక్కలుగా కోస్తే లోపలి, బయటి ముఖాలు కలిపి మీటరుకు దాదాపు 0.09 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. వదులుగా నింపితే వంద లీటర్ల చోటులో 270, 280 మీటర్ల పైపు ముక్కలు పడతాయి. అంటే పాతిక చదరపు మీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల కంకరతో అదే చోటు నింపితే వచ్చేది పద్దెనిమిది. తేడా ఇంతేనా అనిపించవచ్చు. కానీ కంకరలో నీళ్లు కదలడానికి మిగిలే ఖాళీ నూటికి నలభై, పైపు ముక్కల్లో ఎనభై దాటుతుంది. ఆ కంకర నూటయాభై కిలోల దాకా బరువు తూగుతుంది, రెండు నెలల్లో మురికితో బిగుసుకుంటుంది, అప్పుడు దాన్ని ఎత్తి కడిగేవాళ్లు ఉండరు. పైపు ముక్కలను గోనె సంచిలో వేసుకుని ఒక్కరే మోసుకుపోవచ్చు. ఎరువులు, పురుగుమందులు పారిన పైపులయితే ముక్కలు కోశాక రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి బాగా కడగాలి. మందు వాసన పోని పైపు జోలికి పోకపోవడమే మంచిది.

కంకర, దొడ్డు ఇసుక, బొగ్గు పొరలుగా వేసే ఫిల్టర్ చాలామంది మనసులో నాటుకుపోయింది. బడి పుస్తకంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న ఫిల్టర్ అది. వర్షపు నీళ్లు ఒకసారి వడపోయడానికి సరిపోతుంది. రోజంతా మేత మురికి వచ్చే హౌజులో ఇసుక వారం తిరక్కుండా మూసుకుపోతుంది. నీళ్లు ఒక పక్కగా దారి చేసుకుని పోతాయి, మిగతా ఇసుకలోకి ఆక్సిజన్ అందక అది నల్లగా మారి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. వంటింటి కట్టెబొగ్గు అమ్మోనియాను పట్టుకోదు కాబట్టి దానివల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు.

పటిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి రూపొందించింది. దానికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. ఆ పేరు మీద మనకు పటిక మీద గురి ఎక్కువ. కొందరు హౌజు పచ్చబడగానే పటిక రాయి తెచ్చి తిప్పుతారు. నాచు, మన్ను కలిసి అడుగుకు దిగిపోతాయి, నీళ్లు ఒక్క రోజులో మెరుస్తాయి. కానీ అమ్మోనియా ఉన్నచోటే ఉంటుంది. పటిక తనతోపాటు నీటి క్షారతను కూడా కొంత తినేస్తుంది, అంటే బ్యాక్టీరియా నోటి ముందున్నదాన్ని లాక్కుంటుంది. అడుగుకు దిగిన నాచు కుళ్లి ఇంకొంత అమ్మోనియాను పుట్టిస్తుంది. తాగే నీటికి మేలు చేసిన వస్తువే అయినా చేపలుండే హౌజులో దాని అవసరం లేదు.

రెండు డ్రమ్ముల పని

ఇక కట్టడం. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కావాలి. పాత సామాను దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. గ్లూకోజ్ పాకమో, పచ్చడి సరుకో, తినే పదార్థం వచ్చిన డ్రమ్ము అయితేనే తీసుకోవాలి. యాసిడ్, రంగులు, మందుల పరిశ్రమ రసాయనాలు నిండిన డ్రమ్ము ఎంత కడిగినా ప్లాస్టిక్‌లో ఇంకిపోయింది ఊరుతూనే ఉంటుంది. మూత తీసి ఎండలో పెట్టి గంట తర్వాత వాసన చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. లేబుల్ చింపేసి ఉన్న డ్రమ్మును ఎంత చవకగా ఇచ్చినా వదిలేయాలి.

మొదటి డ్రమ్ము పని మురికిని దింపడమే, అందులో ఏమీ నింపరు. పంపు నుంచి వచ్చే పైపును డ్రమ్ము నడుము ఎత్తులో గోడను ఒరుసుకునేలా ఎల్బోతో పక్కకు తిప్పాలి. అప్పుడు నీళ్లు లోపల గుండ్రంగా నెమ్మదిగా తిరుగుతాయి. సుడిలో తిరిగే రెట్ట, మేత ముక్కలు బరువుకు మధ్యలోకి చేరి అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు అంచుకు జానెడు కిందనున్న పైపు గుండా రెండో డ్రమ్ముకు పోతాయి. అడుగున ఒకటిన్నర అంగుళాల బాల్ వాల్వ్ పెట్టాలి. అరంగుళం వాల్వ్ పెట్టి డబ్బు మిగుల్చుకుంటే నెల తర్వాత బురద దిగక డ్రమ్మును వంచాల్సి వస్తుంది. కన్నాలకు ట్యాంక్ నిపుల్, రెండు వైపులా రబ్బరు వాషర్లు వేయాలి. డ్రమ్ము గోడ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఎం-సీల్ ఒక్కదాన్నే నమ్మితే కొన్నాళ్లకు ఊడి కారుతుంది.

రెండో డ్రమ్ము కొట్టం. మొదటి డ్రమ్ము నుంచి వచ్చిన పైపు దీని అడుగుదాకా దిగాలి. డ్రమ్ము అడుగుభాగం నుంచి అడుగున్నర ఎత్తున, ఇటుకల మీదో పీవీసీ పైపు ముక్కల మీదో, కూరగాయల క్రేటు అడుగును గుండ్రంగా కోసి జాలీగా నిలబెట్టాలి. దాని మీద డ్రిప్ ముక్కలు. ఈ ప్లాస్టిక్ నీటి కన్నా తేలిక కావడంతో తేలిపోతుంది. అందుకే పైన ఇంకో జాలీ పెట్టి కట్టేయాలి. నీళ్లు కింది నుంచి పైకి ముక్కల మధ్యగా లేచి, పై అంచు దగ్గరి పైపు గుండా హౌజులోకి పడతాయి. బయటికి పోయే పైపు లోపలికి వచ్చే పైపు కన్నా కనీసం రెండింతల వెడల్పు ఉండాలి. లోపలికి ఒక అంగుళం అయితే బయటికి రెండు అంగుళాలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, బయటి పైపుకు ఒక్క ఆకు అడ్డం పడిన రాత్రి డ్రమ్ము పొంగి, పంపు హౌజునంతా తోటలోకి తోడేస్తుంది. పంపును హౌజు అడుగున కాకుండా అరచెయ్యి ఎత్తున ఇటుక మీద పెడితే ఏ తప్పు జరిగినా చేపలకు ఆ మాత్రం నీళ్లయినా మిగులుతాయి.

పంపు ఒక్కటే కొత్తది కొనాల్సిన వస్తువు. హౌజులోని నీళ్లన్నీ రెండు గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరగాలి. మన లెక్కలో గంటకు వెయ్యి లీటర్లు. అయితే పెట్టె మీద రాసిన అంకె నీళ్లను ఎత్తనవసరం లేనప్పటిది. డ్రమ్ము అంచుదాకా నాలుగైదు అడుగులు ఎత్తేసరికి చిన్న పంపుల్లో అది సగానికి పడిపోతుంది. కాబట్టి 2 వేల లీటర్లని రాసి, రెండు మీటర్ల పైకి ఎత్తగలదన్నది తీసుకోవాలి. 40 వాట్ల పంపు రోజంతా తిరిగితే ఒక యూనిట్‌కు కాస్త తక్కువ, నెలకు 29 యూనిట్లు. ఫిల్టర్‌కు అసలు ఖర్చు డ్రమ్ములూ పైపులూ కావు, ఈ నెలనెలా యూనిట్లు. పంపు ఎంచుకునేటప్పుడు ధర కన్నా వాట్లు ముందు చూడాలి.

కూలర్ పంపుతో సరిపెట్టేవాళ్లున్నారు. చవక నిజమే. కానీ వేసవిలో రోజుకు కొన్ని గంటలు తిరగడానికి చేసిన పంపును ఏడాది పొడవునా ఆపకుండా తిప్పితే దాని సీలు నిలవదు. సీలు పోయిన పంపు నీళ్లలో ఉందంటే ఆ నీళ్లలో కరెంటు ఉన్నట్టే. ఏ పంపయినా సరే, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకేయాలి. పిల్లలు ఆడే పెరడు అది. డబ్బు మిగుల్చుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

కరెంటు పోయినప్పుడు

మే నెల గాలిదుమారానికి తీగలు తెగితే ఊళ్లలో నాలుగైదు గంటలు కరెంటు రాదు. అప్పుడు డ్రమ్ము ఫిల్టర్‌కు ఉన్న బలహీనత బయటపడుతుంది. మూసిన డ్రమ్ములో కదలకుండా నిలిచిన నీటిలోని ఆక్సిజన్‌ను కోట్ల కొద్దీ బ్యాక్టీరియా త్వరగానే పీల్చేస్తుంది. ఆ తర్వాత అవి చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే పంపు ఆ కుళ్లిన నీటినంతా ఒక్కసారిగా చేపల మీద పోస్తుంది. చాలాసేపు ఆగిన ఫిల్టర్‌ను మళ్లీ నడిపేముందు రెండు డ్రమ్ముల నీటినీ మొక్కల పాలు చేయాలి. రెండో డ్రమ్ము అడుగున కూడా ఒక వాల్వ్ పెట్టుకోమనేది ఇందుకే.

కరెంటు తరచూ పోయే ఊళ్లలో రెండో డ్రమ్ము బదులు క్రేట్ల గోపురం నయం. టమాట క్రేట్లు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి, లోపల షేడ్ నెట్ పరిచి, అవే డ్రిప్ ముక్కలు నింపుతారు. పైన అడ్డంగా పెట్టిన పైపుకు వరసగా చిల్లులు పెడితే నీళ్లు జల్లుగా పడి, క్రేటు నుంచి క్రేటుకు కారుతూ హౌజులోకి చేరతాయి. ముక్కలు ఎప్పుడూ గాలిలోనే తడిగా ఉంటాయి. కరెంటు పోయినా ఆ తడి ఆరేంత వరకు బ్యాక్టీరియాకు ఊపిరాడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పొడి గాలికి నీళ్లు జల్లుగా పడితే కూలర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది, నీళ్లు చల్లబడతాయి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే 35 డిగ్రీల నీటిలో కరిగేది 7కు కాస్త తక్కువ. ఆ ఒక్క మిల్లీగ్రామే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడానికీ, తెరవకపోవడానికీ మధ్య తేడా. సగం హౌజు మీద షేడ్ నెట్ కడితే ఇదే దారిలో ఇంకొంత మేలు.

సోలార్ పంపు పెడితే కరెంటు బాధే ఉండదు కదా అంటారు. హౌజులో ఆక్సిజన్ బాగా తగ్గేది రాత్రి మూడు నుంచి సూర్యోదయం మధ్య. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని వాడుకుంటుంది. బ్యాటరీ లేని సోలార్ పంపు సరిగ్గా అప్పుడే పడుకుని ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద ఐదు వాట్ల గాలి పంపు ఒకటి వేలాడదీయడం అంతకన్నా తెలివైన ఖర్చు.

మొదటి నెల

ఫిల్టర్ బిగించిన రోజున అది ఖాళీ కొట్టం. బ్యాక్టీరియా వచ్చి చేరడానికి మన వేడిలో నెల రోజులు, చలికాలంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. తొలి రెండు వారాల్లో అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది. నైట్రైట్ రక్తంలోకి పోతే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు, మొప్పలు ఎర్రదనం పోయి చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. ఆ దశలో వెయ్యి లీటర్లకు ఒక కిలో రాళ్లుప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ఉప్పు వేసిన నీళ్లను మాత్రం మొక్కలకు పోయకూడదు. ఆ నెలంతా నాలుగైదు చేపలే ఉండాలి, మేత చిటికెడు. చుక్కల మందుతో చూసే పరీక్ష పెట్టె కొనుక్కుని, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే మిగతా చేపలు వదలాలి.

నెలను రెండు వారాలకు కుదించే దారి ఒకటుంది. ఎవరి ఇంట్లోనైనా ఏళ్లుగా నడుస్తున్న ఫిల్టర్ ఉంటే అందులోంచి రెండు గుప్పెళ్ల ముక్కలు తడి ఆరకుండా తెచ్చి మన డ్రమ్ములో కలపడం. పెరుగుకు తోడు వేసినట్టే. చెరువు మన్ను తెచ్చి వేయమని కొందరు చెబుతారు. దానితో చేప పేను, ఇతర పరాన్నజీవులు కూడా వస్తాయి కాబట్టి ఆ తోడు వద్దు.

కొత్త సిమెంటు హౌజుకూ, సిమెంటు వరలకూ ఇంకో జాగ్రత్త ఉంది. కొత్త సిమెంటు నుంచి ఊరే సున్నం పీహెచ్‌ను పది దాటిస్తుంది. రెండు మూడు వారాలు నీళ్లు నింపి, పారబోసి, మళ్లీ నింపి, పీహెచ్ బోరు నీళ్ల దగ్గరికి దిగాకే ఫిల్టర్ మాట ఎత్తాలి.

నల్లా నీళ్లతో ఇంకో చిక్కు. భగీరథ నీళ్లయినా, గ్రామ పంచాయతీ ట్యాంకు నీళ్లయినా క్లోరిన్ కలిపి వదులుతారు. మనుషుల కడుపులోని రోగాలను ఆపడానికి కలిపిన ఆ క్లోరిన్ చేప మొప్పలనూ కాలుస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ చంపుతుంది. పైపు నేరుగా హౌజులో పెట్టకుండా మూత లేని డ్రమ్ములో ఒకటి రెండు రోజులు ఎండకు నిలిపి పోయాలి. ఫిల్టర్ ముక్కలను నల్లా కింద పెట్టి తళతళలాడేలా కడగడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. అంతా శుభ్రం చేశాం, అయినా మూడో రోజుకు చేపలు పోయాయని బాధపడే ఇళ్లలో మొదట అడగాల్సింది ముక్కలను ఏ నీళ్లతో కడిగారన్నదే. జిడ్డుగా, గోధుమ రంగులో ఉన్న ఆ పొరే ఫిల్టర్. బాగా మూసుకుపోయినప్పుడు, అదీ ఏడాదికి రెండు మూడు సార్లు, హౌజు నీళ్లనే బకెట్‌లో పట్టి అందులో రెండు మునకలు వేయించి మళ్లీ పెట్టేస్తే చాలు.

మొదటి డ్రమ్ము విషయంలో ఇంత మెతకదనం అక్కర్లేదు. వారానికోసారి బాల్ వాల్వ్ పూర్తిగా తెరిచి 200 లీటర్లూ వదిలేయాలి. హౌజులో పదో వంతు నీళ్లు ఆ విధంగా మారిపోతాయి. ఇది బురద కోసమే కాదు. ఎండాకాలంలో నీటి మట్టం రోజుకు సెంటీమీటరు దాకా తగ్గుతుంది. 24 చదరపు అడుగుల హౌజుకు అది 22 లీటర్లు, నెలకు 660 లీటర్లు. మూడో వంతు హౌజు గాలిలోకి పోతుంది, దానిలోని లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం హౌజులోనే ఉంటాయి. తగ్గిన నీళ్లకు బోరు నీళ్లు కలుపుతూ పోతే ప్రతి నెలా ఉప్పదనం ఇంకో మెట్టు ఎక్కుతుంది. పంపు రెక్కల మీద తెల్లటి చార పేరుకోవడం దానికి గుర్తు; పంపు విప్పి ఆ రెక్కలను గంటసేపు నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెడితే పోతుంది. నీటిలో పేరుకున్నది మాత్రం వాల్వ్ తెరిస్తేనే పోతుంది.

నైట్రేట్‌ను తినడానికి హౌజు అంచున మెట్టతామర, చామ, తూటికూర లాంటివి కుండీల్లో పెడితే వేళ్లతో లాగేసుకుంటాయి, నాచుకు దక్కే ఎరువు తగ్గి పచ్చదనం కూడా పలచబడుతుంది. గుర్రపు డెక్క ఈ పనిలో అన్నిటికన్నా చురుకైనదే. కానీ ఎక్కువైందని తీసి కాలువలోనో చెరువులోనో పడేస్తే ఆ చెరువుకు జరిగే నష్టం పూడ్చలేనిది. పెట్టుకునే ఇల్లు, తీసిన ప్రతి మొక్కనూ ఎండబెట్టి ఎరువు గుంతలో వేసే ఓపిక ఉంటేనే పెట్టుకోవాలి.

వాల్వ్ తెరిచినప్పుడు వచ్చే నల్లటి నీళ్లకు ఒక పైపు తగిలించి, ఉప్పు వేయని వారాల్లో కరివేపాకు పాదులోకో, మల్లె పాదులోకో వదిలితే సరిపోతుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఏ పాదుకు ఆ నీళ్లు అందుతున్నాయో ఆకు రంగు చూసి చెప్పవచ్చు.